ఏది ముందు కనబడాలి? పోస్టర్‌లో చూపు వరస కుదర్చడం ఎలా

డీటీపీ పని నేర్చుకుంటున్న కొత్తలో ఒక శుభలేఖ చేశాను. ముహూర్తం శనివారం రాత్రి తెల్లవారుజామున 3 గంటల 12 నిమిషాలకు. మామూలుగా రాసేట్టే "శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం" అని మ్యాటర్ ఇచ్చారు. లైను చివర కాస్త చోటు మిగిలిందని "ఆదివారం" అన్న ఒక్క మాటను పెద్దది చేసి ఎరుపు కొట్టాను. "శనివారం రాత్రి" పైన సన్నటి బంగారు రంగు అక్షరాల్లో ఉండిపోయింది. పెళ్ళివాళ్ళు ప్రూఫ్ రెండుసార్లు చదివి ఒక్క తప్పు లేదన్నారు. నిజమే, అక్షరం తప్పు లేదు. పెళ్ళికి మాత్రం కొందరు చుట్టాలు ఆదివారం సాయంత్రం దిగారు. అప్పటికి షామియానా విప్పేస్తున్నారు.

ఆ కార్డులో సమాచారం అంతా ఉంది, వరసే లేదు. ఏది ముందు కంట్లో పడాలి, తర్వాత చూపు ఎటు పోవాలి, ఏది ఆఖరున చదివినా పర్వాలేదు అన్నది ముందే తేల్చుకుని, కాగితం మీద అలాగే జరిగేట్టు చూడడాన్ని డిజైనర్లు విజువల్ హైరార్కీ అంటారు. నేను చూపు వరస అంటుంటాను. మనం తేల్చకపోతే అది లేకుండా పోదు. దానంతటదే ఏదో ఒక వరస ఏర్పడుతుంది, నా శుభలేఖలో ఏర్పడినట్టు.

మనకిది కొత్త సంగతేం కాదు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మల్లో వీరభద్రుడు భారీగా ఉంటాడు, గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు భక్తుల్లా చిన్నగా ఉంటారు. ఇవాళ్టి ఫ్లెక్సీ కూడా అదే లెక్క. అధినేత తల అన్నిటికన్నా పెద్దది, తర్వాత ఎమ్మెల్యే, ఆ తర్వాత మండల నాయకుడు, అడుగున "ఇట్లు" అంటూ గుండ్రటి చిన్న ఫోటోల వరస. పేర్లు చదవకుండానే ఎవరు ఎవరికి పైనో చెప్పేస్తాం. కాకపోతే ఫ్లెక్సీలో ఆ వరస డబ్బు కట్టినవాళ్ళ కోసం ఉంటుంది. పోస్టర్ పని చెయ్యాలంటే వరస చదివేవాడి కోసం ఉండాలి. ఈ వ్యాసంలో నేను చెప్పేదంతా ఈ ఒక్క తేడా గురించే.

ఒకే పోస్టర్ పట్టుకుని మొదటినుంచి చివరిదాకా వెళ్దాం. ఎ3 సైజు, అంటే 297 × 420 మిల్లీమీటర్ల గోడ పోస్టర్. ఊళ్ళో ఉచిత కంటి శిబిరం. వాట్సాప్‌లో మ్యాటర్ ఇలా వస్తుంది:

"మా చారిటబుల్ ట్రస్టు వారి ఆధ్వర్యంలో, గౌరవ శాసనసభ్యుల ఆశీస్సులతో, ప్రముఖ నేత్ర వైద్య నిపుణులచే ఉచిత మెగా కంటి వైద్య శిబిరం తేదీ 9-2-2025 ఆదివారం ఉదయం 9 గంటల నుండి మధ్యాహ్నం 1 గంట వరకు స్థానిక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఆవరణలో నిర్వహించబడును. శుక్లాలు ఉన్నవారికి ఉచితంగా ఆపరేషన్ చేయించబడును. అవసరమైన వారికి కళ్ళజోళ్ళు ఇవ్వబడును. వచ్చువారు ఆధార్ కార్డు, రేషన్ కార్డు జిరాక్సులు, పాత మందుల చీటీలు తీసుకురావలెను. కావున పరిసర గ్రామాల ప్రజలు ఈ సదవకాశాన్ని వినియోగించుకోవలసిందిగా కోరుచున్నాము."

కింద ఆరుగురి పేర్లు, రెండు ఫోన్ నంబర్లు, నాలుగు ఫోటోలు.

1. మ్యాటర్‌ను ప్రశ్నలుగా విడగొట్టండి

ఫోటోషాప్, కోరల్‌డ్రా, కాన్వా ఏదీ తెరవకండి. కాగితం, పెన్ను చాలు. ఈ పోస్టర్ ముందు నిలబడే మనిషిని ఊహించుకోండి. మన విషయంలో ఆమె అరవై ఏళ్ళావిడ, బస్సు కోసం చూస్తోంది. ఆవిడ మనసులో ప్రశ్నలు ఏ వరసలో వస్తాయో ఆ వరసలోనే రాయండి.

ఏమిటిది? కంటి పరీక్షలు.
డబ్బు కట్టాలా? అక్కర్లేదు.
ఎప్పుడు? ఆదివారం, 9వ తేదీ, పొద్దున 9 నుంచి 1 దాకా.
ఎక్కడ? హైస్కూల్లో.
ఆపరేషన్ కూడా చేస్తారా? చేయిస్తారు.
ఏం పట్టుకెళ్ళాలి? ఆధార్, రేషన్ కార్డు, పాత చీటీలు.
ఎవరిని అడగాలి? ఫోన్ నంబర్.
ఎవరు పెడుతున్నారు? ట్రస్టు.

వచ్చిన మ్యాటర్లో మొట్టమొదట ఉన్నది ట్రస్టు, ఇక్కడ ఆఖరున పడింది. మ్యాటర్ రాసినవాళ్ళ తప్పు కాదది, మనం ఆహ్వానాలు రాసే పద్ధతే అంత: ముందు పెద్దలు, తర్వాత విషయం. ఉత్తరానికి ఆ మర్యాద బాగుంటుంది. గోడ మీద కాగితానికి కుదరదు.

ఈ పనిలోనే కొన్ని మాటలు రాలిపోతాయి. "మెగా" పోతుంది. "కావున పరిసర గ్రామాల ప్రజలు" అన్న వాక్యం మొత్తం పోతుంది, అది ఏ ప్రశ్నకూ జవాబు కాదు. "నిర్వహించబడును" పోతుంది. "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఆవరణ" ఊరి వాళ్ళ నోట్లో "జడ్పీ హైస్కూల్". నా లెక్కలో చూపు వరస సగం ఈ కోతలోనే కుదురుతుంది. అరవై మాటల్లో ఒకదాన్ని పైకి లేపడం కష్టం, ముప్ఫై మాటల్లో సులువు.

2. మూడు దూరాలు, మూడు అంచెలు

ఎనిమిది ప్రశ్నలకు ఎనిమిది సైజులు ఇస్తే కన్ను దేన్నీ పట్టుకోదు. మూడు అంచెలుగా కుప్ప పెట్టండి. నేను వాటిని దూరంతో గుర్తుపెట్టుకుంటాను.

మొదటిది పదిహేను అడుగుల దూరం నుంచి, నడుస్తూ ఉండగా కనబడాల్సింది. ఇందులో ఒక్కటే ఉండాలి: ఉచిత కంటి శిబిరం. రెండోది ఆగి, ఆరడుగుల దూరం నుంచి చూసేది: రోజు, వేళ, చోటు. మూడోది వెళ్దామని నిర్ణయించుకున్నాక దగ్గరికొచ్చి చదివేది: మిగతా అంతా.

మొదటి అంచెలో రెండు విషయాలు పెట్టాలని ఎవరైనా ఒత్తిడి చేస్తే అక్కడే గట్టిగా నిలబడాలి. రెండూ సమానంగా అరిస్తే ఏదీ వినబడదు. మొహమాటానికి పోయి "సరే సార్, రెండూ పెద్దవి చేద్దాం" అన్న రోజున పోస్టర్ చెడిపోయినట్టే.

3. అక్షరాల్లేని పోస్టర్ గీయండి

తెల్ల కాగితం మీద అగ్గిపెట్టెంత దీర్ఘచతురస్రాలు ఆరు గీయండి. ఒక్కో దానిలో ఆ మూడు అంచెల్ని పెన్సిల్‌తో పెట్టెల్లా నింపండి. మొదటి అంచెకు నల్లగా, రెండోదానికి సగం నలుపు, మూడోదానికి లేత బూడిద. అక్షరాలు, ఫోటోలు, రంగులు వద్దు. పది నిమిషాల్లో అయిపోతుంది.

ఆరింటిలో ఏది చూడగానే నల్ల పెట్టె, ఆ తర్వాత సగం నల్ల పెట్టె అని కన్ను దానంతటదే దిగుతుందో అది తీసుకోండి. పెట్టెల్లోనే వరస కుదరకపోతే ఫాంట్లు మార్చి, రంగులు మార్చి కుదర్చడం అయ్యే పని కాదు. నేను రాత్రి రెండింటిదాకా కూర్చుని ఫాంట్లు మార్చిన రోజులున్నాయి, తప్పు పెట్టెల్లో ఉందని తెలియక.

4. సైజు: ధైర్యంగా తేడా చూపించండి

బోర్డులు రాసేవాళ్ళ దగ్గర ఒక మోటు లెక్క ఉంది: పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం. దాని ప్రకారం పదిహేను అడుగులకు అంగుళంన్నర, ఆరడుగులకు అర అంగుళం పైచిలుకు. ఆ లెక్క పుట్టింది ఇంగ్లీషు అక్షరాల మీద. మన అక్షరంలో మెలికలెక్కువ, గుడీ వొత్తూ చిన్నగా ఉంటాయి. అందుకని నేను కాస్త ఎక్కువే వేసుకుంటాను.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. పాయింటు సైజు అంటే అక్షరం ఎత్తు కాదు. 72 పాయింట్లు ఒక అంగుళం అన్నది నిజమే, కానీ 72 పాయింట్ల "క" అంగుళం ఎత్తు రాదు. పైన గుడికి, కింద వొత్తుకు చోటు వదలాలి కాబట్టి అక్షరం అందులో సగం అటూఇటూ ఉంటుంది. ఒక ఫాంటులో 100 పాయింట్లు ఇంకో ఫాంటులో 80లా కనిపిస్తుంది. అందుకని అంకె చూడకండి, ప్రింటు తీసి స్కేలు పెట్టి కొలవండి.

మన పోస్టర్లో "కంటి" ఒక లైను, "శిబిరం" ఇంకో లైను చేస్తే అంగుళంన్నర అక్షరాలు ఎ3 వెడల్పులో హాయిగా పడతాయి. పాయింట్లలో అది 200 దాటుతుంది. "ఫిబ్రవరి 9 ఆదివారం" 90 దగ్గర. మిగతా మ్యాటర్ 28. చూడండి, ఒక్కో అంచెకు మధ్య రెట్టింపుకన్నా ఎక్కువ తేడా ఉంది. కొత్తవాళ్ళు 48, 42, 36, 30 అని మెట్లు పెడతారు. కాగితం మీద అవన్నీ ఒకేలా కనబడి, తేడా కావాలని చేశారో పొరపాటున వచ్చిందో కూడా తెలియదు. మూడు సైజులు చాలు. నాలుగోది కావాలనిపిస్తే, అది ఏ ప్రశ్నకు జవాబో మళ్ళీ మొదటి కాగితం చూసుకోండి.

"ఉచిత" సంగతి? అది మొదటి అంచెలోదే, కానీ "కంటి శిబిరం"తో పోటీ పడకూడదు. రెండో సైజులో పెట్టి, శీర్షిక నెత్తిన రంగు పట్టీలో కూర్చోబెడతాను. సైజు తగ్గింది, రంగు ఆ లోటు తీరుస్తుంది.

5. బరువు: తెలుగు లిపికి ఉన్న చిక్కులు

ఇంగ్లీషులో డిజైన్ పాఠాలు చూసి నేర్చుకున్నవాళ్ళు ఇక్కడ తడబడతారు. ఇంగ్లీషువాళ్ళకు క్యాపిటల్ అక్షరాలున్నాయి, ఇటాలిక్ ఉంది. సైజు మార్చకుండానే ఒక మాటను వేరు చేసుకోగలరు. మనకు పెద్దబడి చిన్నబడి లేదు. తెలుగు అక్షరాన్ని పక్కకు వంచితే అది ఇటాలిక్ కాదు, ఈదురుగాలికి వాలిన పందిరిలా ఉంటుంది.

అండర్‌లైన్ కూడా మనకు అచ్చిరాదు. "వైద్యం", "శుక్లాలు", "ఆస్పత్రి" కింద గీత గీసి చూడండి. గీత సరిగ్గా వొత్తుల మీదుగా పోతుంది. చూపు తక్కువైనవాళ్ళకు "వైద్యం"లో య-వొత్తు ఉందో లేదో తెలియదు. మాటను ఎత్తి చూపబోయి చదవకుండా చేసినట్టవుతుంది.

మిగిలింది బరువు, అంటే లావు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. చాలా తెలుగు ఫాంట్లు ఒకే ఒక్క లావులో వస్తాయి. గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరికే మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటివి అంతే. వాటి మీద "బి" బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అక్షరం చుట్టూ అంచు పూసి దొంగ బోల్డ్ తయారు చేస్తుంది. "ఉ", "ఊ", "ఋ" లోపలి సందులు పూడుకుపోతాయి, చిన్న సైజులో వొత్తులు ముద్దయిపోతాయి. ప్రింటులో సిరా కాస్త పాకుతుంది కాబట్టి తెరమీద బాగున్నది కూడా కాగితం మీద మూసుకుపోతుంది.

దీనికి రెండు దారులు. ఒకటి, పుట్టుకతోనే పలు లావులున్న కుటుంబం తీసుకోవడం: అనేక్ తెలుగు, నోటో శాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, బాలూ తమ్ముడు 2. ఇవన్నీ ఉచితమే. అందులోనూ పక్కపక్క లావులు వద్దు. రెగ్యులర్ పక్కన మీడియం పెడితే ఎవరికీ తెలియదు. రెగ్యులర్ పక్కన ఎక్స్‌ట్రా బోల్డ్ పెట్టండి, అది లేని కుటుంబమైతే బోల్డ్. రెండోది, లావుగా పుట్టిన ఫాంటును శీర్షికకు, మామూలు ఫాంటును మ్యాటర్‌కు జత చేయడం. రామభద్ర శీర్షికకు, మండలి మ్యాటర్‌కు నేను చాలాసార్లు వాడాను, దెబ్బలాడుకోవు. మూడో ఫాంటు మాత్రం తేకండి. పెళ్ళి ఫ్లెక్సీల్లో ఒక్కో లైనుకు ఒక్కో ఫాంటు వేయడం, డీటీపీ సెంటర్లలో బాగా వాడిన "అను" తెలుగు ఫాంట్ల కాలం నుంచి మనకు అంటిన అలవాటు. జాబితాలో అన్ని ఉంటే అన్నీ వాడాలనిపించేది మరి.

అంకెల్ని విడిగా చూసుకోండి. కొన్ని తెలుగు ఫాంట్లలో అంకెలు అక్షరాలకన్నా బక్కగా, పొట్టిగా ఉంటాయి. మన పోస్టర్‌కు ప్రాణం "9"లోనే ఉంది, తేదీ 9, వేళ 9. అక్కడ అంకె నీరసంగా ఉంటే దాని సైజు కొద్దిగా పెంచండి, లేదా వేరే ఫాంటు అంకె తెచ్చి పెట్టండి.

6. ఖాళీ చోటు పని చేస్తుంది, చేయనివ్వండి

దగ్గరగా ఉన్నవాటిని కన్ను ఒక గుంపుగా చూస్తుంది. జర్మనీలో పనిచేసిన మనస్తత్వవేత్త మాక్స్ వర్ట్‌హైమర్ 1923లో రాసిన సూత్రాల్లో ఇదొకటి. పోస్టర్లో దీని అర్థం: రోజు, వేళ, చోటు మూడూ అంటిపెట్టుకుని ఉండాలి. వాటికీ శీర్షికకూ మధ్య ఎడం ఉండాలి. నేను పాటించే కొలత ఏమిటంటే, ఒక గుంపు లోపల ఎంత ఎడం ఉందో, గుంపుకూ గుంపుకూ మధ్య దానికి కనీసం రెట్టింపు. అలా ఉంటే గీతలు, పెట్టెలు, చుక్కల బోర్డర్లు ఏవీ అక్కర్లేదు.

లైన్ల మధ్య ఎడం తెలుగుకు ఎక్కువ కావాలి. ఇంగ్లీషుకు అక్షరం సైజుకు 1.2 రెట్లు సరిపోతుంది. మనకు పై లైను వొత్తు, కింద లైను గుడి గుద్దుకోకుండా ఉండాలంటే మ్యాటర్‌లో 1.4 నుంచి 1.6 రెట్లు కావాలి. శీర్షికలో లెక్క వేరు, అక్కడ మాటను బట్టి చేత్తో సర్దాలి. "కంటి" కింద వొత్తు లేదు కాబట్టి "శిబిరం" పైకి జరపొచ్చు. అదే "వైద్య శిబిరం" అయితే జరపలేం. అక్షరాల మధ్య ఎడం మాత్రం సాగదీయకండి, తెలుగులో అది మాటను ముక్కలు చేస్తుంది.

"ఇక్కడ ఖాళీగా ఉందేంటి తమ్ముడూ, ఏదైనా పువ్వు పెట్టు" అని అనని కస్టమర్‌ను నేనింకా చూడలేదు. వాదించి లాభం లేదు. పువ్వు పెట్టిందీ పెట్టనిదీ రెండూ ప్రింటు తీసి, ఆయన్ను గది ఆ చివర నిలబెట్టి "తేదీ ఎందులో ముందు కనబడుతోందన్నా?" అని అడుగుతాను. చాలాసార్లు పువ్వు పోతుంది. కొన్నిసార్లు పువ్వే గెలుస్తుంది, బిల్లు ఆయన కడతాడు కదా.

7. రంగు: ఒక్కటే గట్టిగా మాట్లాడాలి

డిజైన్ మొత్తాన్ని ముందు నలుపు తెలుపుల్లోనే పూర్తి చేయండి. అందులో వరస సరిగ్గా ఉంటేనే రంగు వేయండి. రంగు అన్నది వరసను గట్టిపరచాలి, లేని వరసను తెచ్చిపెట్టలేదు.

రంగు ఎంచేటప్పుడు అది ఎరుపా నీలమా అన్నదానికన్నా, నేలకూ (అంటే అక్షరం వెనకుండే రంగుకూ) అక్షరానికీ వెలుగులో ఎంత తేడా ఉందన్నదే ముఖ్యం. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేట్టు ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల ప్రకారం మామూలు అక్షరాలకు ఈ తేడా కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. తెరమీది నిండు రంగులతో లెక్క వేస్తే పసుపు మీద నలుపు 19:1కి పైనే. తెలుపు మీద ముదురు నీలం 16. తెలుపు మీద ఎరుపు 4 దగ్గర ఆగుతుంది. నీలం మీద ఎరుపు 2 పైచిలుకే. తెలుపు మీద పసుపు 1 దాటీదాటకుండా ఉంటుంది, అంటే లేనట్టే. ఎరుపు అంటే మనకు చాలా గట్టి రంగు అనిపిస్తుంది కానీ, నీలం నేల మీద పడితే మూగబోతుంది. అందుకే ఎన్నికల ఫ్లెక్సీల్లో ఎరుపు అక్షరం చుట్టూ తెల్ల అంచు, దాని చుట్టూ నల్ల నీడ వేసి తంటాలు పడతారు.

ఇక మన పోస్టర్ చదివేది ఎవరో మరోసారి గుర్తుచేసుకోండి. శుక్లాలున్నవాళ్ళు. శుక్లం వచ్చిన కంటికి మసకతోపాటు వెలుగు నీడల తేడా పట్టే శక్తి తగ్గుతుంది, నీలి ఛాయలు మరీ గుర్తుపట్టలేదు. ఆస్పత్రి అనగానే అందరం లేత నీలం నేల, దాని మీద నీలం అక్షరాలు వేస్తాం. కంటి శిబిరం పోస్టర్‌కు అంతకన్నా తప్పు ఎంపిక ఉండదు. నేనైతే పసుపు నేల, నల్ల అక్షరాలు వేస్తాను. "ఉచిత" ఒక్కటి నల్ల పట్టీలో పసుపు అక్షరాలతో. అందం తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఆవిడ చదవగలగాలి.

8. చోటు, వాలు, మొహాలు

మన చదువు ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి. కాబట్టి ఏమీ చెప్పకపోతే కన్ను పై ఎడమ మూల నుంచి మొదలెడుతుంది. వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశోధించే నీల్సన్ నార్మన్ గ్రూప్ 2006లో వెబ్ పేజీలు చదివేవాళ్ళ చూపును కొలిచి, ఇంగ్లీషు ఎఫ్ అక్షరం ఆకారంలో తిరుగుతోందని చెప్పింది. మ్యాటర్ ఎక్కువున్న పేజీకి అది వర్తిస్తుంది. పెద్ద శీర్షిక ఉన్న పోస్టర్‌కు అంత పట్టింపు లేదు, ఎక్కడ నలుపు ఎక్కువుంటే కన్ను అక్కడికే పోతుంది.

అన్నిటినీ మధ్యకు సర్దడం మన అలవాటు, శుభలేఖల నుంచి వచ్చింది. రెండు మూడు లైన్లకు బాగుంటుంది. ఎనిమిది లైన్లు మధ్యకు సర్దితే ప్రతి లైను మొదలు ఎక్కడుందో కన్ను వెతుక్కోవాలి. మూడో అంచె మ్యాటర్‌ను ఎడమ అంచుకు నిలువుగా ఒకే వరసలో పెట్టండి. రెండో అంచె కూడా అదే అంచు నుంచి మొదలైతే ఇంకా మంచిది.

మొహం ఫోటో ఉంటే జాగ్రత్త. మనిషి కన్ను మొహాన్ని వదలదు, సైజు తక్కువున్నా సరే. ఆ మొహం ఎటు చూస్తుంటే మనమూ అటే చూస్తాం. కంటి పరీక్ష చేయించుకుంటున్న పెద్దాయన ఫోటో పెడితే ఆయన చూపు తేదీ వైపు ఉండేట్టు పెట్టండి. బయటికి చూస్తుంటే చదివేవాడి చూపూ కాగితం దాటిపోతుంది. ఫోటోను అద్దంలోలా తిప్పేముందు అందులో బోర్డులేమైనా ఉన్నాయేమో చూసుకోండి, కుడిఎడమలు తిరగబడ్డ అక్షరాలతో అచ్చయితే పరువు పోతుంది.

9. పెద్దల ఫోటోలు

నాలుగు ఫోటోలు వచ్చాయని మొదట్లో చెప్పాను. తీసేయలేం. తీసేయమని చెప్పే సలహా ఏ ఊళ్ళోనూ పనికిరాదు.

నేను చేసేది ఇది. కాగితం అడుగున ఏడో వంతు పట్టీ ఒకటి వాళ్ళకు కేటాయిస్తాను. ఫోటోలన్నీ ఒకే సైజు, ఒకే రకం కత్తిరింపు, వీలైతే నలుపు తెలుపు. రంగు తీసేస్తే నాలుగు మొహాలూ కలిసి ఒకే బూడిద పట్టీ అవుతాయి, పసుపు నేలతో పోటీ పడవు. పట్టీ లోపల ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది వాళ్ళనే తేల్చుకోమంటాను, ఆ గొడవ మనకొద్దు. "ప్రెసిడెంట్ గారిది కాస్త పెద్దది చెయ్యి" అని ఫోన్ వస్తే, పట్టీ లోపల ఆయన్ను మొదట్లోకి జరుపుతాను గానీ పట్టీ ఎత్తు పెంచను. ఆయనకు గౌరవం దక్కుతుంది, తేదీకి చోటు దక్కుతుంది. ట్రస్టు పేరు ఆ పట్టీ నెత్తిన ఒక్క లైనులో.

10. పరీక్షలు

మొదటిది కళ్ళు చికిలించి చూడడం. కళ్ళు సగం మూసి తెరకు దూరంగా జరగండి. అక్షరాలు కరిగిపోయి మచ్చలు మిగులుతాయి. పెన్సిల్‌తో గీసుకున్న మూడు పెట్టెలు ఆ మచ్చల్లో మళ్ళీ కనబడాలి. ఫోటోషాప్‌లో బొమ్మను మసకబార్చే గాసియన్ బ్లర్ వేసినా ఇదే తెలుస్తుంది.

రెండోది మనుషుల మీద. విషయం తెలియని ఒకరికి అయిదు సెకన్లు చూపించి దాచేయండి. "బాగుందా?" అని అడగొద్దు, బాగుందనే అంటారు. "ఏ రోజు, ఎక్కడ?" అని అడగండి. చెప్పలేకపోతే రెండో అంచె బలహీనంగా ఉన్నట్టు. నా శుభలేఖను ఇలా ఒక్కరికి చూపించి ఉంటే "ఆదివారం" అని జవాబొచ్చేది, తప్పు అక్కడే దొరికేది.

మూడోది ఫోన్. గోడ మీద పది అతికిస్తే వాట్సాప్‌లో వంద తిరుగుతాయి. ఎ3 వెడల్పు పదకొండున్నర అంగుళాల పైమాట, ఫోన్ తెర మూడు అంగుళాలు కూడా ఉండదు. మీరు 28 పాయింట్లు పెట్టిన మ్యాటర్ అక్కడ ఆరున్నర పాయింట్లకు దిగుతుంది. శుక్లాలున్న ఆవిడ సంగతి అటుంచి, నేనే చదవలేను. అందుకని ఫోన్‌కు విడిగా 1080 × 1350 పిక్సెల్స్‌లో ఇంకోటి చేయండి. మొదటి రెండు అంచెలే ఉంచి, మూడోదాంట్లోంచి ఫోన్ నంబర్ ఒక్కటి పైకి తీసుకోండి. ఆధార్, రేషన్ కార్డు సంగతి బొమ్మ కింద మెసేజ్‌లో టైపు చేసి పంపితే సరి.

ఆఖరిది ప్రూఫ్. ప్రెస్సువాళ్ళను అసలు వాడబోయే కాగితం మీదే, పూర్తి సైజులో ఒక్కటి తీసివ్వమనండి. పలచటి కాగితం మీద పసుపు పాలిపోతుంది, తెరమీద చూసిన పసుపు కాదది. ఆ ఒక్క ప్రూఫ్‌ను పోస్టర్లు అతికించే గోడల్లో ఒకదాని మీద, వేరే పోస్టర్ల మధ్యలో, టేపుతో అంటించండి. సాయంత్రం ఆరు దాటాక రోడ్డుకు ఈవలి పక్క నుంచి చూడండి. "కంటి శిబిరం" చదవగలిగి, రెండడుగులు ముందుకేస్తే "9 ఆదివారం" అందితే ఆర్డర్ ఇచ్చేయొచ్చు. లేకపోతే ఆ ప్రూఫ్ పీకి తెచ్చి, మార్కర్‌తో దాని మీదే ఏది తగ్గించాలో గీసుకోండి.